ఉడ్‌వర్డ్ రోడ్డు మీద కిరాణా కొట్టు

అమెరికాలో డెట్రాయిట్ శివారు పట్టణం ట్రాయ్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి కారులో పది నిమిషాలు వెళితే కరివేపాకు దొరుకుతుంది. అదే కొట్లో దొండకాయలు, కంద, పచ్చి మామిడికాయలు, సోనామసూరి బస్తాలు, పూతరేకులు కూడా. వచ్చిన మొదటి వారం మా ఆవిడ ఆ అరల ముందు నిలబడి, "ఇన్ని దొరుకుతుంటే రెండు సూట్‌కేసులు మోసుకొచ్చామే" అని నొచ్చుకుంది. రెండో వారం నేను డెట్రాయిట్ చూపించమని అడిగాను. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. మ్యూజియానికీ, ఆటల స్టేడియానికీ, విమానాశ్రయానికీ తప్ప నగరంలో ఎక్కడా కారు దిగలేదట. "అక్కడ చూడ్డానికేముంది మామయ్యగారూ?" అన్నాడు.

మార్కెట్ చూడాలన్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నేళ్లు రైతు బజారులో ఎస్టేట్ ఆఫీసరుగా పనిచేశాను. తెల్లవారుజామున నాలుగింటికి దిగే తోటకూర కట్టలూ, బోర్డు మీద సుద్దముక్కతో రాసే ఆనాటి ధరలూ నా ఒంట్లో ఇంకిపోయాయి. ఏ ఊరు వెళ్లినా ముందు ఆ ఊరి జనం కూరగాయలు ఎక్కడ కొంటున్నారో చూస్తాను. డెట్రాయిట్‌లో ఆ ప్రశ్నకు జవాబు అంత తేలికగా దొరకదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

2024 ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. హైవే ఎక్కితే పాతిక నిమిషాలే. హైవే ఊరి గురించి ఏమీ చెప్పదు కనుక ఉడ్‌వర్డ్ అవెన్యూ మీదుగా పోదామన్నాను. ఉత్తరాన పాంటియాక్ నుంచి నదీతీరం దాకా నగరాన్ని నడిమికి చీల్చుకుంటూ పోయే పెద్ద రోడ్డు అది. రెండు పక్కలా హోటళ్లు, బేకరీలు, పూల కొట్లు, మూడు నాలుగు పెద్ద పెద్ద కిరాణా దుకాణాలు దాటాం. తర్వాత ఎయిట్ మైల్ రోడ్డు వచ్చింది. డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు పొలిమేర అదే. అది దాటాక నేను కిరాణా కొట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మైళ్లకు మైళ్లు పోయినా మడిచిన వేళ్లు బహు కొద్ది. పెట్రోలు బంకులున్నాయి, మద్యం దుకాణాలున్నాయి. వాటిలోనే పాలు, బ్రెడ్డు, చిప్స్, డబ్బా కూరలు అమ్ముతారు.

దారిలో హైలాండ్ పార్క్ వస్తుంది. చుట్టూ డెట్రాయిట్ ఉన్నా విడిగా నిలిచిన చిన్న పట్టణం అది. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను మొదలుపెట్టింది ఇక్కడే. మరుసటి ఏడాది రోజుకు ఐదు డాలర్ల జీతం ప్రకటించాడు. ఆ కబురు విని దక్షిణాది పత్తి చేల నుంచి నల్లజాతి కుటుంబాలు రైళ్లెక్కి వచ్చాయి. 1950 నాటికి డెట్రాయిట్ జనాభా 18.5 లక్షలు. ఆ తర్వాత ఫ్యాక్టరీలు బయటికి జరిగాయి, కొత్త హైవేల వెంట తెల్లవారు శివార్లకు తరలిపోయారు, వాళ్ల వెనకే దుకాణాలూ పోయాయి. 2020 లెక్కల్లో తేలింది 6.39 లక్షల మంది. నగరంలోని చివరి పెద్ద గొలుసుకట్టు కిరాణా దుకాణం 2007లో మూతపడింది. మళ్లీ అలాంటి దుకాణం నగరంలోకి అడుగుపెట్టింది 2013లో. సరిగ్గా ఆ ఏడాది వేసవిలోనే నగర ప్రభుత్వం దివాలా పిటిషన్ వేసింది.

మధ్యలో ఆ ఆరేళ్లూ జనం ఏం తిన్నారని అడగొచ్చు. సొంతంగా నడిపే చిన్నా పెద్దా కొట్లు నగరంలో డజన్ల కొద్దీ ఉన్నాయి, వాటిలో కొన్ని మంచివి కూడా. అయితే అవి అన్ని పేటల్లోనూ లేవు. కారు లేని ముసలామె తాజా ఆకుకూర కోసం సంచీ పట్టుకుని బస్సు మారాలి. మంచు పడే నెలల్లో ఆ బస్టాపులో నిలబడటం ఎలా ఉంటుందో మిషిగన్‌లో ఒక్క చలికాలం గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈస్టర్న్ మార్కెట్ చేరేసరికి ఎనిమిదైంది. 1891 నుంచీ ఆ చోటే ఉన్న సంత. పొడుగాటి ఇటుక షెడ్లకు నంబర్లు, మధ్యలో నడవడానికి బాటలు, శనివారమైతే రెండు వందల పైచిలుకు అమ్మకందార్లు. మిషిగన్ పీచ్ పళ్లు, బ్లూబెర్రీలు, మొక్కజొన్న కండెలు, బుట్టలకొద్దీ టమాటాలు. నా కళ్లు అలవాటుగా బల్ల వెనక ఉన్నవాళ్ల చేతుల మీదికి పోయాయి. రైతు బజారులో కార్డులు చూసి సంతకం పెట్టేవాణ్ణి, కానీ నమ్మకం మాత్రం గోళ్లు చూశాకే కుదిరేది. మట్టి ఉన్న గోళ్లు రైతువి. రైతు పేరుమీద కార్డు పుట్టించుకుని టోకు సరుకు తెచ్చి అమ్మేవాళ్లతో వేగి వేగి వచ్చిన అలవాటది. ఇక్కడ పండించేవాళ్లూ, కొనితెచ్చి అమ్మేవాళ్లూ ఇద్దరూ ఉండొచ్చు. అదేమీ దాపరికం కాదు.

ఒక బల్ల మీద నగరంలోనే పండిన కూరలని బోర్డు ఉంది. డెట్రాయిట్ నగర హద్దుల్లో, ఇళ్లు కూలిపోయిన స్థలాల్లో పండినవి. వాటిలో బెండకాయలున్నాయి. మా ఆవిడ ఒకటి తీసి కొన పుటుక్కున విరిచింది. ఆగమని నేను చెయ్యెత్తేలోపే అయిపోయింది. విజయవాడలోనైతే ఈపాటికి కేకలు పడేవి. బల్ల వెనకున్న పెద్దావిడ పగలబడి నవ్వింది. వాళ్ల నాయనమ్మ కూడా అలాగే విరిచి చూసేదట. ఆ నాయనమ్మది అలబామా. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే బెండకాయ అమెరికా చేరింది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ పది నిమిషాలు జిగురు పోయేలా ఎలా వేయించాలో మాట్లాడుకున్నారు. ఒకరి ఇంగ్లీషు రెండోవారికి సగమే అర్థమైంది.

మేం అక్కడ నిలబడి ఉండగా ఒకామె కార్డుకు బదులు టోకెన్లు ఇచ్చి కూరలు తీసుకుంది. ఆ టోకెన్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన తెల్ల రేషన్ కార్డుల్లాగా అక్కడ పేదవారికి ఫుడ్ స్టాంపుల సాయం ఉంది. ఇప్పుడది ప్లాస్టిక్ కార్డు, మిషిగన్‌లో బ్రిడ్జ్ కార్డు అంటారు. 2009లో ఒక స్వచ్ఛంద సంస్థ డెట్రాయిట్ సంతల్లో 'డబుల్ అప్ ఫుడ్ బక్స్' అని ఒక పద్ధతి మొదలుపెట్టింది. కార్డు గీకి పది డాలర్ల టోకెన్లు తీసుకుంటే, స్థానికంగా పండిన కూరలూ పళ్లూ కొనుక్కోవడానికి ఇంకో పది డాలర్లవి అదనంగా ఇస్తారు. పేద ఇంటికి రెండింతల కూరగాయలు వెళతాయి, రైతుకు మాత్రం పూర్తి ధరే ముడుతుంది. డెట్రాయిట్‌లో మొదలై ఈ పద్ధతి ఎన్నో రాష్ట్రాలకు పాకింది.

ఇది విన్నప్పుడు నాకు ఒక్కసారిగా మా బజారు గుర్తొచ్చింది. కొనేవాడికి చవగ్గా ఉండాలి, అమ్మేవాడికి గిట్టాలి అనే రెండు ఎడ్లను ఒకే కాడికి కట్టడానికి 1999 నుంచీ మన రైతు బజార్లు తంటాలు పడుతూనే ఉన్నాయి. టోకు ధరకు కొంచెం పైన, బయటి చిల్లర ధరకు బాగా కింద ఒక రేటు కట్టి బోర్డు మీద రాసేవాళ్లం. టమాటా పడిపోయిన రోజున ఆ రేటు రైతును ఏడిపించేది. రేటును ముట్టుకోకుండా పేదవాడి చేతిలో కూరగాయల కోసమే అదనపు డబ్బు పెట్టొచ్చన్న ఆలోచన నా సర్వీసులో ఎవరి నోటా వినలేదు. మన రేషన్ దుకాణంలో బియ్యం దొరుకుతుంది. ఆ బియ్యం కార్డుతోనే రైతు బజారులో వారానికి వంద రూపాయల ఆకుకూరలు కూడా ఇస్తే ఎలా ఉంటుందో ఎవరైనా ఒక్క మండలంలో చేసి చూడాలి.

సంత నుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లాం. అక్కడ గ్రాండ్ సర్కస్ పార్కులో హేజన్ పింగ్రీ విగ్రహం ఉంది. 1893 మాంద్యంలో వేలమంది పనులు పోయి పస్తులుంటే, అప్పటి ఈ మేయరు మరుసటి ఏడాది ఊళ్లోని ఖాళీ స్థలాలను పేదవారికి దున్నుకోవడానికి ఇప్పించాడు. విత్తనాల డబ్బు కోసం తన మేలుజాతి గుర్రాన్ని అమ్మేశాడు. జనం బంగాళాదుంపలు పండించుకుని తిన్నారు. అంటే ఈ ఊరికి ఖాళీ జాగాల్లో కూర పండించుకోవడం కొత్త కాదు. నూట ముప్పై ఏళ్ల కిందటే నేర్చిన విద్య.

అక్కణ్ణుంచి తూర్పు పేటకు వెళ్లాం. 1929 నుంచీ కాపుచిన్ క్రైస్తవ సన్యాసులు అక్కడ అన్నదానం చేస్తున్నారు. మనకు డొక్కా సీతమ్మగారు ఎలాగో, ఆ పేటకు ఆ వంటశాల అలాగ. 1990ల చివర్లో వాళ్లలో ఒక బ్రదర్ పక్కనున్న ఖాళీ జాగాలో కూరలు వేశాడు. అది ఎర్త్‌వర్క్స్ అనే పొలమైంది. వంటశాలకు కూరలు అందడం ఒకటైతే, అక్కడి గ్రీన్‌హౌస్‌లో పోసిన నారు నగరమంతా ఇళ్లకు వెళ్లడం రెండోది. 2003 నుంచీ ఒక కార్యక్రమం కింద, పెరడు వేసుకుంటామన్న వారికి కొద్దిపాటి రుసుముతో విత్తనాలు, నారు, మట్టి పరీక్ష, శిక్షణ ఇస్తున్నారు. ఇప్పుడు దాన్ని 'కీప్ గ్రోయింగ్ డెట్రాయిట్' అనే సంస్థ నడుపుతోంది. వెయ్యికి పైగా తోటలు దాని పద్దులో ఉన్నాయి. మట్టి పరీక్ష ఎందుకంటే, కూలిన ఇళ్ల పాత రంగుల నుంచీ ఫ్యాక్టరీల నుంచీ సీసం నేలలోకి దిగింది. అనుమానం ఉన్న చోట చెక్క పెట్టెల్లో కొత్త మట్టి పోసి దానిలోనే పండిస్తారు.

దారిలో ఒక గోడౌన్ మీద 'గ్లీనర్స్' అన్న పేరు చూశాను. 1977లో పుట్టిన ఆహార బ్యాంకు అది. ఆ ఇంగ్లీషు మాటకు తెలుగు చెప్పమని అమ్మాయి అడిగితే నాకు నోటి చివరే ఉంది. పరిగె. కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. మా ఊళ్లో పరిగె ఏరుకునే ఆడవాళ్లను రైతు అదిలించకూడదన్నది కట్టుబాటు. అయితే వాళ్లు చేనికి యజమానులు ఎన్నడూ కాలేదన్నది కూడా అంతే నిజం. ఆ మాట ఆ రోజంతా నా మనసులో మెదులుతూనే ఉంది.

మర్నాడు ఆదివారం. పడమటి వైపు రూజ్ పార్కులో ఉన్న డి-టౌన్ ఫామ్‌కు వెళ్లాం. ఏడెకరాలు. ఒకప్పుడు నగరపాలక సంస్థ చెట్ల నర్సరీ పెంచి వదిలేసిన నేల. 2006లో ఇక్కడి నల్లజాతివారు ఆహార భద్రత కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. ముందుండి నడిపినవాడు మలిక్ యకీనీ, బడి ప్రధానోపాధ్యాయుడు. బడి పిల్లలతో తోట వేయించడంతో మొదలైన పని అది. 2008లో నగరం ఏడాదికి ఒక డాలరు నామమాత్రపు కౌలుకు ఇక్కడ నేల ఇచ్చింది. చుట్టూ కంచె ఉంది, జింకల బెడద ఎక్కువట. లోపల పాలీహౌస్‌లు, తేనెపెట్టెలు, పొగలు కక్కే ఎరువు కుప్పలు, కొలార్డ్ ఆకుకూర మళ్లు.

మా ఆవిడ కొంగు దోపుకుని కలుపు తీతకు కూర్చుంది. నేను ఎరువు కుప్పలో చెయ్యి పెట్టి వేడి చూశాను. బాగా మాగింది. అమ్మాయి పెరట్లో కోసుకొచ్చిన గోంగూర కట్టను పనిచేస్తున్నవాళ్ల చేతిలో పెట్టాం. పశ్చిమాఫ్రికా మూలాలున్న కుర్రాడొకడు ఆకు తుంచి నమిలి, కళ్లు పెద్దవి చేసి, దీని ఎర్రటి కాయలతోనే తమ ఇంట్లో పానకం చేస్తారన్నాడు. అదే మొక్క. మనం ఆకు తిన్నాం, వాళ్లు కాయ మీది ఎర్ర రేకులు తాగారు.

ఆ పొలంలో నేను విన్నవాటిలో మనసుకు తగిలింది ఒకటుంది. సేద్యం అంటే తాతల బానిస బతుకే గుర్తొచ్చి మొహం తిప్పుకునే పిల్లలు చాలామంది ఉన్నారట. పొలం వదిలి ఫ్యాక్టరీకి రావడమే విముక్తి అనుకున్న ఇళ్లు అవి. ఫ్యాక్టరీ పోయాక మళ్లీ మట్టి దగ్గరికి రమ్మని ఎలా పిలవాలి? పిలిచినవాళ్లు ముసలివాళ్లే. దక్షిణాదిలో పెరిగి, చేతికి పని తెలిసినవాళ్లు. 'గార్డెనింగ్ ఏంజెల్స్' అని పేరు పెట్టుకుని పక్క జాగాలు బాగుచేశారు. 1992లో గ్రేస్ లీ బాగ్స్, జేమ్స్ బాగ్స్ దంపతులు, మరికొందరు మొదలుపెట్టిన 'డెట్రాయిట్ సమ్మర్' కుర్రకారును ఆ ముసలివాళ్ల పక్కన నిలబెట్టింది. గ్రేస్ చైనా వలస కుటుంబంలో పుట్టి ఈ నగరాన్నే తన ఊరు చేసుకున్న మనిషి. నూరేళ్లు బతికి 2015లో కన్నుమూసింది.

అయితే పండించినవాళ్ల కాళ్ల కింద నేల ఎవరిది? ఖాళీ స్థలాలు వేలకు వేలు నగర ల్యాండ్ బ్యాంకు చేతిలో ఉన్నాయి. ఇంటి పక్క స్థలమైతే వంద డాలర్లకు ఇస్తారు. పొలం చేసుకుంటామంటే మాత్రం కాగితాలు, ఎదురుచూపులు. పదేళ్లు పశువుల ఎరువు వేసి మట్టిని బతికించాక, పేట బాగుపడి ఆ స్థలానికి ధర వచ్చాక, ఖాళీ చేయమంటారేమోనన్న భయం. 2012లో ఒక వ్యాపారి దాదాపు 1,500 స్థలాలు ఒక్క చేతి మీద కొని చెట్లు నాటుతానంటే కౌన్సిల్ ఒప్పుకుంది. చిన్న తోటలవాళ్లు అప్పుడు గట్టిగా గొడవపెట్టారు. నాకు వాళ్ల వైపే న్యాయం కనిపించింది. మన కౌలు రైతుల బాధ చూసిన కళ్లకు ఇందులో అర్థంకానిదేమీ లేదు. 2020 జూన్ 19న, బానిసత్వం పోయినందుకు పండుగ చేసుకునే రోజున, డి-టౌన్ వాళ్లు మరో రెండు సంస్థలతో కలిసి నల్లజాతి రైతులకు భూమి కొనిపెట్టే నిధి ఒకటి తెరిచారు. అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు చేరింది. నేను తిరిగొచ్చాక, 2024 నవంబరులో, ఇళ్ల దగ్గర కోళ్లు, బాతులు, తేనెటీగలు పెంచుకోవడానికి కూడా కౌన్సిల్ ఒప్పుకుందని అమ్మాయి ఫోన్లో చెప్పింది.

ఇక ఆ కిరాణా కొట్టు. ఉడ్‌వర్డ్ మీదే, నార్త్ ఎండ్ పేటలో. శనివారం దాని ముందు నుంచే పోయినా ఆగలేదు, తిరుగు దారిలో కూడా లోపలికి పోలేదు. మంగళవారం తీరిగ్గా వెళ్లాం. పేరు డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్. 2024 మేలో తెరిచారు. డి-టౌన్ పొలం పెట్టిన సంఘమే పన్నెండేళ్లకు పైగా దీని వెంట పడింది. రెండు కోట్ల డాలర్లకు పైగా పోసి కట్టిన భవనం. కింద దుకాణం, పైన చిన్న వ్యాపారులు అద్దెకు తీసుకుని వండుకునే వంటశాలలు, ఒక హాలు.

దీని యజమాని ఒక కంపెనీ కాదు, సభ్యులు. మిషిగన్‌లో ఉండే 21 ఏళ్లు నిండినవారెవరైనా 200 డాలర్లు కడితే సభ్యులవుతారు. వాయిదాల్లోనూ కట్టొచ్చు. ఎంత కొన్నా, ఎంత ఉన్నవాడైనా ఓటు ఒక్కటే. తలుపులు తెరవకముందే రెండు వేలమందికి పైగా చేరారు. మన పాల సొసైటీ లెక్కే, కాకపోతే ఇక్కడ వాటా పాలు పోసేవాళ్లది కాదు, తినేవాళ్లది.

లోపల శుభ్రంగా ఉంది. ఆకుకూరల దగ్గర ఏ ఊరి పంటో రాసి పెట్టారు. కొన్ని సరుకుల ధర ట్రాయ్‌లోని పెద్ద దుకాణంలో కన్నా ఎక్కువే. రెండు మూడు వస్తువుల ధరలు అమ్మాయి ఫోన్లో పోల్చి చూసింది కూడా. ఇది దాచాల్సిన విషయం కాదు. వెయ్యి దుకాణాలున్న కంపెనీ కొనే ధరకు ఒక్క దుకాణమున్న సంఘానికి సరుకు రాదు. ఆ పేటలో పేదలే ఎక్కువ, రూపాయి తేడా కూడా వాళ్లకు లెక్కే. ఈ కొట్టు నిలబడాలంటే కాస్త ఉన్నవాళ్లు కూడా వచ్చి ఇక్కడ కొనాలి. కౌంటరు దగ్గర కుర్రాడు మా బిల్లు కడుతూ, ఈ వీధిలోనే పుట్టానని, ఇంటినుంచి పనికి నడిచి వస్తానని చెప్పాడు.

ఆ కొట్లో నిలబడితే ఇంకొకటి గుర్తొచ్చింది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో ఒకసారి శిక్షణకు వెళ్లినప్పుడు, దళిత మహిళా సంఘాలవాళ్లు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిలవ చేసి, ఎవరిది ఎంత పేదరికమో తామే తేల్చి, తక్కువ ధరకు ఇచ్చుకున్న పద్ధతి చూపించారు. ప్రభుత్వ రేషన్‌కు బదులు తమ సొంత రేషన్ అది. పరిగె ఏరుకున్న చేతులు గాదె తాళంచెవి పట్టుకున్నాయి. ఉడ్‌వర్డ్ మీద నేను చూసింది అదే. అన్నదానం గొప్పది. టోకెన్లు మంచివి. ఆ రెండూ ఇంకొకరి దయ మీదో బడ్జెట్ మీదో ఆధారపడతాయి. పొలం, సంతలో బల్ల, కొట్టు, మూడూ తినేవాళ్ల చేతిలోకి రావాలని ఈ ఊరివాళ్లు పట్టుబట్టారు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఆహారం గురించి ఇంతకంటే పెద్ద ప్రయత్నం నేను చూడలేదు.

ట్రాయ్‌లో, నోవైలో, కాంటన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన పిల్లలు వేలమంది ఉన్నారు. డెట్రాయిట్ కార్ల మీద బతికినవాళ్లు, బతుకుతున్నవాళ్లు. ప్రతి వేసవిలోనూ వాళ్ల పెరళ్లలో పండిన ఆనపకాయలు తినలేక పంచుతారు. మీ పిల్లలు అక్కడుంటే చెప్పండి. ఒక శనివారం ఎయిట్ మైల్ దాటి ఈస్టర్న్ మార్కెట్‌లో నగర రైతుల దగ్గర కూరలు కొనమనండి. మే నెలలో గోంగూర నారు మిగిలితే డి-టౌన్‌కు పట్టుకెళ్లమనండి. తిరిగి వచ్చేటప్పుడు ఉడ్‌వర్డ్ మీద 8324 నంబరు దగ్గర ఆగమనండి. సభ్యులు కాకపోయినా అక్కడ కొనొచ్చు.

మా అల్లుడు ఆ మంగళవారమే 200 డాలర్లు కట్టి సభ్యుడయ్యాడు.